నీలాచలం పేరు మీద

చికిటి తహసీలు ఆఫీసులో
నాలుగో నంబరు గది ముందు బల్ల మీద
నాన్న పక్కన కూర్చున్నాను.
ఫారం ఒడియాలో ఉంది, నింపాల్సింది నేనే.
పట్టాదారు పేరు: రాశాను.
మరణించిన తేదీ:
పెన్ను అక్కడ ఆగింది.

మా ముత్తాత రంగం వెళ్ళాడు.
మా వైపు అందరూ అలాగే అనేవారు,
రంగూన్ అనడానికి నోరు తిరగక కాదు,
అది ఊరి పేరు కన్నా ఒక దిక్కు పేరు కాబట్టి.
గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి
బియ్యం మిల్లులో బస్తాలు మొయ్యడానికి.
యుద్ధం జరిగే చోటుకి కూడా రంగమనే పేరుందని
ఆయనకెవరూ చెప్పలేదు.

జపాను విమానాలొచ్చిన పగలు
ఆయన దాక్కోలేదట.
ఎవరూ దాక్కోలేదట.
వీధుల్లోకొచ్చి తీర్థం చూసినట్టు చూశారట.
అడవుల వెంట నడిచి ఏడు నెలలకి ఇల్లు చేరిన
బొమ్మాళి గురవయ్య చెప్పింది ఇంతే:
"కంటికి సెయ్యడ్డెట్టుకోని మీదికి సూస్తన్నాడమ్మా.
నాను తిరిగి సూసీసరికి
ఆ గోడా నేదు, ఆడూ నేడు."
ఏ రోజు అని అడిగితే
"సలికాలం" అన్నాడు.

చలికాలానికి తద్దినమెలా పెడతారు?
తిథి తెలియనివాళ్ళకి
మహాలయ అమావాస్య ఉందన్నాడు పంతులు.
ముత్తవ్వ దాలమ్మ ఒప్పుకోలేదు.
"ఊరందరి సచ్చినోళ్ళతో కలిపి ఒక్క ముద్దా?
ఆ గోడ కింద ఎతికినోడెవుడు?"
గాజులు తియ్యలేదు.
ముప్ఫయ్యారేళ్ళ తర్వాత పాడె దగ్గర
ఎర్ర చీర కప్పాలా తెల్ల చీరా అని
ఆడవాళ్ళు గొడవపడ్డారు.
పొద్దు వాలిపోతోందని
చివరికి చేతికందిన చీర కప్పారు.

ఫొటో లేదు.
ఇనప్పెట్టెలో పట్టా కింద ఒక కార్డు,
ఎవరిచేతో రాయించింది:
తొమ్మిది రూపాయలు పంపాను.
తూర్పు గట్టు వేయించు. దూడని అమ్మొద్దు.
చివర ఊదారంగు వేలిముద్ర.
మాకు ముఖమంటే అదే.
దూడ సంగతేమైందో ఎవరికీ గుర్తు లేదు.

విమానం చప్పుడొస్తే మా ఇంట్లో
పెద్దవాళ్ళు పిల్లల తల కిందికి వంచుతారు.
అన్ని ఇళ్ళలోనూ ఇంతే అనుకున్నాను,
బరంపురం కాలేజీ మైదానంలో
అందరూ పైకి చూసి చేతులూపుతున్నప్పుడు
నా చెప్పుల వైపు నేనొక్కదాన్నే
చూసుకుంటూ నిలబడేదాకా.

గుమాస్తా మంచివాడే.
"ఎక్కడ పోయాడు? సర్టిఫికెట్టుందా?
కనీసం చూసినవాళ్ళు ఇద్దరు?"
చూసినవాడు ఒక్కడే, ఆయనా పోయాడన్నాను.
"పోనీ ఏదో ఒక తేదీ వేసెయ్యమ్మా,
అందరూ అలాగే వేస్తారు."
నాన్న నా చేతిలోంచి ఫారం తీసుకున్నాడు.
నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.
"మరి చిన్నాన్నకేం చెబుతావు?
వాటా పంచమని కదా వచ్చింది?"
"శిస్తు కట్టేసి పోదాం" అన్నాడు,
నా ప్రశ్నకి అది జవాబైనట్టు.

ఎకరం నలభై సెంట్లు. తూర్పు గట్టు ఇప్పటికీ తెగుతుంది.
ఏటా మార్చిలో నాన్న ఒక్కడే వస్తాడు,
తెల్ల చొక్కా వేసుకుని, ఆ పూట ఏమీ తినకుండా.
తిండి వేళకి బస్సు దొరకదనుకునేదాన్ని.

కిటికీలోంచి పిలుపొచ్చింది,
మా కులమూ మా ఊరూ తెలియని గొంతు,
ఒడియా గుండ్రటి అక్షరాల్లోంచి చదువుతూ:
"నీళాచళ పాత్రో!"

లెక్క ప్రకారం నూట పదిహేడేళ్ళ మనిషి.

నాన్న చొక్కా సర్దుకుని లేచాడు.
"ఆజ్ఞా" అన్నాడు.