గురివింద

పాలకొల్లు రోడ్డులో మూతపడ్డ బియ్యం మిల్లు గోదాం,
అదే మా నరసాపురం వాళ్ల రేంజి.
పది మీటర్లు టేపు పెట్టి కొలిచి సున్నం గీత గీశాం.
గోడల్లో ఇంకా ఊక వాసన.
పెల్లెట్టు రేకుకి తగిలిన ప్రతిసారీ
దూలం మీది పావురాలు లేచి
మళ్లీ అక్కడే కూర్చుంటాయి.

ఇరవై ఆరేళ్లు ఇనప గురితోనే కొట్టాను.
వెనక గంటు, ముందు కడ్డీ, అవతల కాగితం మీద నలుపు.
దూరాలు మూడు, కన్ను ఒకటి.
"కడ్డీనే చూడు. నలుపు మసకబారితే బారనీ.
అదెక్కడికీ పారిపోదు, కడ్డీయే పారిపోతుంది"
అనేవారు సుబేదారు జోగయ్య గారు.

పోయినేడు కార్తీకంలో పారిపోయింది.
పొద్దున్నే మంచులో వసిష్ఠ మీద పంటు వస్తుంటే
ఉందని తెలుస్తుంది, అంచు తెలీదు చూడండి,
అట్లాగ.
కాకినాడ వెళ్లి అద్దాలు చేయించుకున్నాను.
కడ్డీ వచ్చింది. నలుపు మజ్జిగలో కలిసిపోయింది.
ఎవరికీ చెప్పలేదు.
భీమవరం పోటీలో
పక్క కుర్రాడి కాగితం మీద పది కొట్టాను.
వాడు నాకు దణ్ణం పెట్టాడు.
అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేనే.

రాజోలు నుంచి వస్తుంది హసీనా, పందొమ్మిదేళ్లు.
ఏమీ అడగలేదు. తన పిస్టల్ మీది మరలు విప్పి
నా దానికి బిగించింది.
"ఒక్కసారి చూడండి మాస్టారూ."
అగ్గిపెట్టెలో సగం లేని అద్దం.
అందులో
ఎర్రగా, ఒక్క గింజ.

మా నాన్న సోమేశ్వరాచారి
చిట్టి త్రాసులో గురివింద గింజలేసి బంగారం తూచేవాడు.
నాకు పదకొండో ఏడు వచ్చాక, ఊదుగొట్టం పక్కన పెట్టి
"ఒరేయ్, టంకం ఎక్కడ పారిందో చెప్పు చూద్దాం" అనేవాడు.
నేను వేలు పెట్టి చూపించేవాణ్ణి.
"భేష్" అనేవాడు.
పరీక్ష పెడుతున్నాడనుకున్నాను.
అన్నిట్లో నేనే నెగ్గాననుకున్నాను.
నలభై ఆరేళ్లు అట్లాగే అనుకున్నాను.

గింజ నా కంటికి గుండ్రంగా లేదు.
ఒక పక్కకి తోక సాగింది, నలిపిన దానిమ్మ గింజలా.
వెలుగు తగ్గిస్తే తోక కాస్త ముడుచుకుంది.
చూపు నలుపు మీదే ఉంచమంది హసీనా,
గింజ దానంతటదే వచ్చి కూర్చుంటుందట.
జోగయ్య గారు వింటే చెవులు మూసుకునేవారు.

కూర్చోలేదు. ఊగింది.
రెండో కాఫీ ఊగింది, పొద్దున్న ఇంట్లో జరిగిన మాటామాటా ఊగింది,
గుండె కొట్టుకున్న ప్రతిసారీ కుడి పైకి ఒక్క గెంతు.
పాపం, ఇనప కడ్డీ
ఇన్నాళ్లూ ఇదంతా నాకు చెప్పకుండా దాచింది.
"అందరిదీ అంతే మాస్టారూ, కావాలంటే నాది చూడండి" అంది.
చూశాను. ఆమెది దాదాపు కదలదు.
అబద్ధమాడిందని ఇద్దరికీ తెలుసు.

గురివింద తన కింది నలుపెరగదంటారు.
ఈ గింజకి నలుపే లేదు.
నలుపంతా పది మీటర్ల అవతల
క్లిప్పుకి వేలాడుతోంది.

వచ్చే నెల పోటీకి ఫారం నింపాలి.
ఇనప గురి గడి కాదు, కిందది, ఓపెన్.
అక్షరాలు చీమల బారు. కలం పట్టుకుని
"అమ్మాయ్, టిక్కు ఎక్కడ పెట్టాలో చెప్పు చూద్దాం" అన్నాను.
ఆమె వేలు పెట్టి చూపించింది.
భేష్ అనబోయి ఆగాను.

"పరీక్ష కాదమ్మా. కనపట్టం లేదు."

ఆ వేలు అక్కడే ఉంచింది.
టిక్కు కొంచెం గడి దాటింది.

తర్వాత పది గుళ్లు కొట్టాను.
మూడు తొమ్మిదులు, ఒక పది, తక్కినవి చెప్పను.
పావురాలు లేచాయి, కూర్చున్నాయి.
బ్యాటరీ ఎంతవుతుందని అడిగితే
"ముందు ఆపడం నేర్చుకోండి, రాత్రంతా వెలిగించి వదిలేస్తారు" అంది.