వరుస పదిహేడు, కుడి వైపు

చెవుల మీదికి దిగే ఉన్ని టోపీలో
రెండు మైకులు కుట్టి ఇచ్చింది క్వేతా,
ఒక్కోటి బఠాణీ గింజంత.
ట్రామ్ డిపోలో యూనిఫాం గుండీలు కుట్టుకునే సూదే.
"తల తిప్పకు," అంది దారం కొరుకుతూ,
"తిప్పావో, గిటారు ఎడమ నుంచి కుడికి
నడిచి వెళ్ళిపోతుంది."

అందుకే ముప్పై ఏళ్ళుగా
నేను తల తిప్పని మనిషిని.
చప్పట్లు కొట్టను. ఈల వెయ్యను.
దగ్గొస్తే మింగుతాను.
చుట్టూ ఆరువేల మంది ఊగుతుంటే
పాతిన గుంజలా నిలబడి
వాళ్ళ కేకలన్నీ నెత్తిన పెట్టుకుని
ఆఖరి ట్రామ్‌లో ఇంటికి తెచ్చుకుంటాను.

ఆ రాత్రి ఓస్ట్రావాలో, ఐస్ హాకీ హాలు.
మంచు మీద చెక్కలు పరిచారు.
అరికాళ్ళకి చలి, నెత్తికి చెమట.
కాపలా కుర్రాడు జేబులన్నీ తడిమి
సిగరెట్లు తీసి చూసి తిరిగిచ్చాడు,
టోపీ జోలికి మాత్రం రాలేదు.
ముసలాయనకి చలేమో అనుకున్నాడు కాబోలు.

వాళ్ళు వచ్చారు.
నేను మొదటిసారి చూసినప్పుడు
స్టూలెక్కి దూకిన డ్రమ్మరు
ఇప్పుడు ఒకరి భుజం పట్టుకుని మెట్లెక్కాడు.
కూర్చున్నాక మాత్రం
ఉక్కు కొలిమి మూత తీసినట్టే!
గాయకుడికి డెబ్భై ఒకటి.
పై స్థాయి అందడం లేదని
పాటల్ని ఒక మెట్టు కిందికి దించుకున్నారు.
మేమూ దిగాం,
ఎవరూ చెప్పకుండానే.

ఏడో పాట. రెండో చరణం.
నోరు తెరిచాడు.
మాట రాలేదు.

గిటారు అదే వరుసని తిప్పి తిప్పి వాయించింది,
చీకటి గుమ్మంలో తాళంచెవి వెతుక్కునేవాడికి
ఎవరో దీపం పట్టుకుని నిలబడ్డట్టు.
తర్వాత అదీ ఆగింది.
రేకుల కప్పు మీద వాన.
ఎవరి కోటుదో జిప్పు.
నా వెనక ఒకావిడ, మెల్లగా:
"పాపం, మంచినీళ్ళివ్వండి ఎవరైనా."
అంతా కలిపి పదకొండు సెకన్లు.
లెక్కపెట్టాను, తర్వాత, చాలాసార్లు.

అప్పుడు ఎడమ పక్క బాల్కనీలోంచి
ఒక్క గొంతు.
తప్పు శ్రుతి, తప్పు ఇంగ్లీషు,
మాట మాత్రం సరైనదే.
ఆ మాట అందుకుని హాలు హాలంతా పాడింది.
అతను మైకు కిందికి దించి
తన పాటని మొదటిసారి వింటున్నవాడిలా విన్నాడు.

ఏడాది తర్వాత కంపెనీ వాళ్ళ డిస్కు వచ్చింది.
అదే ఊరు, అదే తేదీ అట్ట మీద.
రెండో చరణం నిక్షేపంగా ఉంది,
ఏ ఊరి రాత్రి నుంచి కోసి అతికించారో.
వాన లేదు. ఆవిడ లేదు.
మరిచిపోయిన మనిషే లేడు.

నా టేపు విన్న క్వేతా
ఆ చోటు రాగానే చెయ్యెత్తి ఆపింది.
"తల తిప్పావు."
నిజమే.
బాల్కనీ గొంతు కోసం తిరిగాను.
హాలు మొత్తం, ఆరువేల మందితో,
గోడలతో సహా కుడి పక్కకి ఒరిగిపోయి
మళ్ళీ మెల్లగా చోటికి వస్తుంది.
"పాడుచేశావు," అంది.
అని, మళ్ళీ పెట్టమంది.

ఇప్పుడు నా చెవులకి సన్నని చప్పుళ్ళు అందవు.
ఇత్తడి తాళాలు, జిప్పు, వాన,
టేపులో ఉన్నాయి, నాకే లేవు.
పై అంతస్తు మతౌష్‌ని పిలిచి
హెడ్‌ఫోన్లు పెట్టి ముఖం చూస్తూ కూర్చుంటాను.
"ఇప్పుడు?" అంటాను.
"వాన," అంటాడు వాడు, చెయ్యి అడ్డం పెట్టి,
మాట్లాడొద్దన్నట్టు.

వాడి కోసం కాపీ తీసి, అట్ట మీద
ఎప్పటిలా నిజాయితీగా రాశాను:
వరుస పదిహేడు, కుడి వైపు.
శబ్దం బాగుంది.
లోపం: ఏడో పాటలో ఒకచోట
రికార్డు చేసినవాడు తల తిప్పాడు.