ముందుగాల పిడికెడు

ఎసరు మసులుతుంటె
శాటల బియ్యం పోసుకొని
ముందుగాల ఒక్క పిడికెడు
తలుపెనక రేకు డబ్బల ఏస్త.
మా అత్త దానమ్మ నేర్పిన లెక్క ఇది.
డబ్బ మీద బిస్కెట్ల బొమ్మ ఎన్నడో చెరిగింది.
నెలకోపాలి సంఘం ఆడోళ్లొచ్చి
గోనెసంచిల వొంపుకపోతరు.
ఎవరింటి గింజ ఏదో
అండ్ల కలిసినంక దేవుడు గూడ ఏరలేడు.

మర్రిగూడ దిక్కు ఊరు మాది,
తాగిన నీళ్లే ఎముకలు తిన్న ఊరు.
రేషన్ కార్డుల నా పేరు యాదమ్మ,
చర్చి రిజిస్టర్ల తబిత.
రెండు పేర్లకూ ఆకలి ఒక్కటే.

శ్రమల దినాలు మొదలైన వారంల
బోరుబండి పనికి పోయిన ఏసోబు మీద
ఇనుప పైపు జారింది.
ఎనిమిది వందల ఫీట్లు దిగినా
ఆ బోర్ల నీళ్లు పడలే,
ఉత్త తెల్లటి దుబ్బ లేసింది.
ఆయన నెత్తుటి మీద పడి
పిండిలెక్క అంటుకున్నదట.
నల్లగొండ పెద్దాసుపత్రిల ఇరవై రెండు దినాలు.
బండి ఓనరు మూడువేలిచ్చి
ఫోన్ ఎత్తుడు బంద్ జేసిండు.
కుడికాలు ఇంటికొచ్చింది గని
దానికి సోయి రాలే.

ఆ నెల డబ్బ నిండలే.
అబద్ధమెందుకు, డబ్బల చెయ్యి పెట్టిన.
మూడు పూటలు దేవుని బియ్యమొండి
పిల్లకు పెట్టిన.
"రాళ్లు ఏరలేదేందమ్మా" అన్నది.
ఏరే ఓపిక లేదని చెప్పలే.

ఆదివారం సాక్ష్యాల ఏళ
ఒకామె బర్రె ఈనిందని లేసింది,
ఒకాయన కొడుకు పాసైండని లేసిండు.
నా నాలిక మడతపడ్డది.
స్తోత్రం అనుమంటె
ఏంటికని అడిగిన,
లోపటనే, గని గట్టిగనే.

ముందట చాప మీద సాలమ్మవ్వ.
నడుము వంగి వంగి కొడవలైన మనిషి,
ముప్పై ఏండ్ల సంది మబ్బు మొకం చూడలే.
అందరి చేతులు పైకి లేస్తె
ఆమెయి నేలకే పోతయి.
చాప మీద పారే చీమల దిక్కు చూసుకుంట
"అయ్యా, నీకు వందనాలు" అంటది,
పైనున్నోడు కిందనే కనవడ్డట్టు.
అయ్యగారు ఆ దినం ఏ వాక్యం చెప్పిండో
యాదికి లేదు.
ఆ చీమలు యాదికున్నయి.

మాపటీలి తలుపు కొట్టిండ్రు.
సంఘం ఆడోళ్లు నలుగురు, ముందట సాలమ్మవ్వ.
డబ్బ కొరకే అనుకొని
గుండె గుబేలుమన్నది.
ఖాళీ డబ్బ అవ్వ చేతిల పెట్టి
"నేనే తిన్న" అన్న.
అవ్వ తల ఎత్తలే. ఎత్తరాదు గద.
గోనెసంచి మూతి విప్పి
గడప లోపట వొంపింది.
ముప్పై ఇండ్ల పిడికిళ్లు!
సన్నయి, దొడ్డయి, రేషనుయి, నూకలు,
ఒక్కకాడ పురుగు గూడ.
"మీ అత్త ఏసినయి గూడ ఉన్నయే ఇండ్ల" అన్నది.
అత్త సచ్చి ఆరేండ్లాయె.

ఎసరు పెట్టిన.
శాటల బియ్యం పోసుకున్నంక
చెయ్యి ఆగింది.
వాళ్లిచ్చిన దాంట్లకెళ్లి మళ్ల వాళ్లకేనా?
పిచ్చి లెక్క.
పిడికెడు తీసి డబ్బల ఏసిన.
ఖాళీ రేకు గలగలమన్నది.
నిండిన డబ్బ ఎన్నడు గట్ల మోగలే.

మంచం మీద ఏసోబు
ఆ చప్పుడు విని
గోడ మొలకున్న కంజిర దిక్కు చూసిండు.
అందియ్యమనలే.
సోయి లేని కాలు మీద వేళ్లతోని
మెల్లగ దరువేసిండు.
తొడకు తెల్వదు, చెవులకు తెలుసు.
నేను పాడలే.

పిల్ల వచ్చి శాట ముందటేసుకున్నది.
"ఇప్పుడన్న రాళ్లు ఏరుదామా అమ్మా?"
బల్బు కింద ఇద్దరం
మెడలు వంచుకొని కూసున్నం.
ఒక్కో రాయి తీసి వాకిట్లకు ఇసురుకుంట
ఎప్పుడన్ననో తెల్వదు,
వందనాలు అన్న.
తల ఎత్తకుంటనే,
అవ్వలెక్క.