నాలుగో నంబరు

పదకొండు చలికాలాలు నేను చూసింది అతని వీపునే.
ముఖం ఎలా ఉండేదంటే చప్పున చెప్పలేను గానీ
చొక్కా మీది నాలుగంకె పక్కన
చెమట మొదట ఎక్కడ మొలిచేదో చెప్పగలను.
వెర్లిన్ ష్రాగ్. డిఫెండరు.
అతని వెనక గోలీని నేను.

విచిటాలో, హాకీ వాళ్ల మంచు మీద చెక్కలు పరిచి
చెక్కల మీద పచ్చ తివాచీ పరిచి
దాన్నే మైదానం అనేవాళ్లం.
అడుగునుంచి చలి బూట్లలోకి పాకేది.
చుట్టూ గోడ, గోడ మీద అద్దం,
అద్దానికి ముక్కులానించి జనం.
ఆ ఆటలో బంతి బయటికి పోదు.
ఊపిరి పీల్చుకుందామంటే ఒక త్రో-ఇన్ కూడా ఉండదు.
తన్ని తరిమేశామనుకున్నది గోడకి కొట్టుకుని
మళ్లీ మన గుమ్మంలోకే వస్తుంది
అప్పులవాడిలా.

గోధుమ చేల నడుమ మెన్నొనైట్ల ఇంట పుట్టాడు.
తుపాకీ పట్టనన్నందుకు జైలుకెళ్లిన తాతకి మనవడు.
ఎవరినీ ఒక్క మోచేతి పోటు పొడవలేదు.
అడ్డంగా పడేవాడు, అంతే.
తొడ మీద, డొక్కలో, ఒకసారి దవడ మీద
బంతి చప్పుడు,
తడిబట్ట బండకేసి ఉతికినట్టు.
లేచి, నా వైపు తిరక్కుండానే
నడుం వెనక రెండు వేళ్లు ఊపేవాడు.
'ఉన్నాన్లే' అంటున్నాడనుకుని
గుండె నిబ్బరంగా నిలబడేవాణ్ణి.

లెక్కల్లో అతని గోల్స్ తొమ్మిది. ఒకటి మా మీదే.
ఆపిన షాట్లు ఎన్నో
మొదటి నాలుగేళ్లు రాసిన నాథుడే లేడు.

ఒక మార్చిలో జీతం చెక్కులు బ్యాంకు నుంచి తిరిగొచ్చాయి.
ఏప్రిల్లో తివాచీని కత్తులతో కోసి
అడుగు రెండు డాలర్లకి అమ్మేశారు.
వెర్లిన్ పొద్దున టైర్ల గోడౌన్లో పని ముగించుకొచ్చి
వరసలో నిలబడి, గోలు ముందరి ముక్క కొనుక్కున్నాడు.

నిన్న న్యూటన్‌లో వాళ్లింటికి వెళ్లాను.
గరాజ్‌లో ఆ ముక్క మీద ముసలి కుక్క పడుకుని ఉంది,
తోక కింద సగం తెల్లగీత.
మోకాళ్లు రెండూ ఇప్పుడు లోహమట.
వాటి మీద తివాచీ కాల్చిన మచ్చలు మాత్రం
పాతవే, సొంతవే.
ఆర్డిస్ కాఫీ ఇచ్చి వెళ్లాక అడిగాను:
ఆ రెండు వేళ్ల సంగతేమిటి, అని.

"నీ ఎడమ స్తంభం పక్క ఖాళీ వదిలేశావని.
పదకొండేళ్లు చెప్పాను.
ఒక్కసారీ జరిగావు కావు."

కాఫీ నా ముక్కులోకెక్కింది.
అతను నవ్వలేదు. కప్పు కింద పెట్టి
నన్ను సాగనంపడానికి, గరాజ్ తలుపెత్తడానికి
కుంటుతూ ముందు నడిచాడు.

అదిగో,
అప్పుడు గుర్తుపట్టాను మనిషిని.