కొమ్ము లేని అక్షరం

లా చదివే కుర్రాడు హజరత్
లావుపాటి పుస్తకం తెచ్చి నా జెరాక్స్ మిషను మీద పెట్టాడు.
కాపీరైట్ చట్టం, వ్యాఖ్యానంతో సహా.
నాలుగు వందల పన్నెండు పేజీలు, మూడు సెట్లు, స్పైరల్ బైండింగు.
లోపలి అట్ట మీదే రాసుంది:
అనుమతి లేకుండా ఏ భాగాన్నీ నకలు తీయరాదు.
ఆ వాక్యాన్నీ మూడుసార్లు తీశాను.
రెండోది మసగ్గా వస్తే
టోనరు డబ్బా కదిలించి మళ్లీ తీశాను.
"తప్పు గాదా అబ్బయ్యా?" అన్నాను.
"పుస్తకం పద్దెనిమిది వందలన్నా" అన్నాడు.
మిషను కింద వెలుతురు అటూ ఇటూ పోతుంటే
ఇద్దరం కాసేపు దాన్నే చూశాం.

నా సొత్తూ ఒకటి పోయింది. చిన్నదే, రెండు లైన్లు.
తొమ్మిదేళ్ల కిందట
పక్క కొట్టు టైలరు పెంచలయ్య పోయినప్పుడు
ఫ్లెక్సీలో ఫొటో కింద జానెడు ఖాళీ మిగిలింది.
ఖాళీని చూసి ఊరుకోలేక టైపు చేశాను:

    సూది ఆగింది, దారం ఇంకా కదులుతోంది
    నీ చెప్పులు గమ్మం వైపే చూస్తున్నాయి

గుమ్మం అని కొట్టాలి.
ఏడుపులో కొమ్ము పడలా.

ఆ నెల్లోనే ముసునూరులో
ఒక లారీ ఓనరు ఫొటో కింద అవే లైన్లు.
లారీ ఓనరుకి సూదేంది, దారమేంది?
తర్వాత బిట్రగుంటలో రిటైరైన రైల్వే గార్డుకి,
అల్లూరులో బియ్యం మిల్లాయనకి,
కందుకూరు రోడ్డులో
ఇద్దరు అన్నదమ్ములకి కలిపి ఒకే ఫ్లెక్సీలో.
అన్నిట్లోనూ గమ్మమే.
కొమ్ము విరిగిన ఎద్దుని
ఏ సంతలో కట్టేసినా దాని రైతు పోల్చుకుంటాడు చూడు,
బస్సు కిటికీలోంచి అట్టా పోల్చుకునేవాణ్ణి.

ఒకసారి ఉండబట్టలేక
నెల్లూరు ఫ్లెక్సీ అతనికి ఫోను చేశాను.
"అవి నా మాటలు గదయ్యా."
"మాటలు నీయేందన్నా? అఆలు నువ్వు కనిపెట్టినావా?
ఆ డిజైను గావాలంటే చెప్పు, పంపిస్తా."
మా ఆవిడ వంటింట్లోంచి అంది:
"చచ్చిపోయినోళ్ల కాడ వాటా అడగతావా?"
నిజమే.
పక్క చేలో నాలుగు వంకాయలు తెంపితే పంచాయితీ పెట్టొచ్చు,
ఇదిగో గట్టు, ఇదిగో తెగిన తొడిమ అని చూపించొచ్చు.
మాటకి గట్టెక్కడుంది?
తెంపుకుపోయినా
నా దగ్గర అది అట్టనే ఉందాయె.
మరి పోయిందేంది?
అది మాత్రం ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నిన్న తుమ్మలపెంట నించి ఒకామె వచ్చింది. చెంచమ్మంట.
ఫోనులో ఎవరిదో ఫ్లెక్సీ ఫొటో.
"ఈ మాటలే పెట్టయ్యా. మా ఆయన వలలు కుట్టేవాడు.
సూది, దారం...
ఎవురో ఆయన పక్కన కూచుని రాసినట్టుండాది."
నా నోటిదాకా వచ్చింది. మింగాను.
"మాటలకి ఎంతయ్యా?"
"మాటలకేం లేదమ్మా.
అడుగుకి పన్నెండు రూపాయలు. ఫ్రేము వేరే."

స్క్రీను మీద చూపించాను.
ఉప్పుకి పగిలిన వేలు అక్షరం అక్షరం కింద పెట్టి
కూడబలుక్కుంటా వచ్చి, ఒకచోట ఆగింది.
"గమ్మం ఏందయ్యా? గుమ్మం గదా."

తొమ్మిదేళ్లు. ఎన్ని ఊళ్లు, ఎన్ని కరెంటు స్తంభాలు.
అందరూ అతికించారు.
చదివింది ఈమె.

కొమ్ము పెట్టాను.
ఇంక అది ఏ మందలో కలిసినా నేను పోల్చుకోలేను.

"ఇప్పుడు సరిపోయింది" అని
చెంగు ముడి విప్పి నోట్లు సాపు చేస్తా అడిగింది:
"ఎవురు రాశారయ్యా ఇది?"
"తెలీదమ్మా" అన్నాను.
"అందరూ పెట్టుకుంటారు."