ఉన్ని తూకం

సదర్లాండ్‌లో చలి ముందు చెవుల్ని పట్టుకుంటుంది,
తర్వాత మాటల్ని.
జూలై రాత్రి గుమ్మటం తెరిచాక
జిమాసాకు కనిపించే మొదటి మేఘం
తన నోటి ఆవిరే.
మూతికి మఫ్లర్ చుట్టుకుని
తెర ముందు కూర్చుంటుంది.

ఒక నక్షత్రం. పేరు లేదు, అంకెలున్నాయి.
నాలుగున్నర రోజులకోసారి
నూటికి రెండు పాళ్ళు వెలుగు తగ్గుతుంది,
దీపం ముందు నుంచి ఎవరో
చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళినట్టు.
మూడు గంటలు.
మళ్ళీ మామూలే.

నీడను చూసి మనిషి ఎత్తు కట్టినట్టు
దాని వెడల్పు కట్టింది:
గురుగ్రహానికి ఒకటిన్నర రెట్లు.
"భారీ ఆసామే" అన్నాడు ఫ్లోరిస్,
రూయ్‌బోస్ టీ మూతలోకి ఒంపుతూ.

ఇక బరువు.
గ్రహాన్ని కాటా ఎక్కించలేం.
చంకనెక్కిన పిల్ల
తల్లి నడకను ఎంత పక్కకు లాగుతుందో చూసి
పిల్ల బరువు చెప్పాలి, అంతే.
తల్లి నడక చెదరలేదు.

మొదటి నెల పరికరం మీద అనుమానం.
రెండో నెల తన లెక్క మీద.
మూడో నెల, పాపం, ఫ్లోరిస్ మీద కూడా.
చిలీ కొండమీది పెద్ద దుర్భిణిని
బతిమాలి తెచ్చుకున్న నాలుగు రాత్రులూ
ఒకటే మాట:
నక్షత్రం ఊగుతోంది, కానీ
మట్టిరోడ్డు మీద లారీ వేగమంత,
అటు కొంచెం, ఇటు కొంచెం.
గురుగ్రహంలో ఏడో వంతు బరువు
ఇంత ఒంటిలోనా!
పీచుమిఠాయి కన్నా బరువేం కాదు.

పొయ్యికి మరీ దగ్గరగా కూర్చుంది కదా,
పొంగింది అనుకుందాం.
ఫ్లోరిస్ అక్క నూనెలో వేసే ఫెట్‌కుక్
(మన పూరీకి దూరపు చుట్టం)
అలాగే పొంగుతుంది.
కానీ ఎన్నిసార్లు లెక్క వేసినా
ఆ మంటకు ఇంత పొంగు రాదు.
ఆ ఖాళీ దగ్గర జిమాసా
పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి వదిలేసింది.

ఆగస్టులో ఉన్ని కత్తిరించేవాళ్ళు వచ్చారు,
లెసోతో కొండలు దాటి, ట్రక్కు వెనక.
ఐదేళ్ళ కిందట లోయలో తప్పిపోయిన పొట్టేలు
ఆ వారమే దొరికింది.
అది నడవడం లేదు, దొర్లుతోంది.
కళ్ళెక్కడో కాళ్ళెక్కడో తెలీదు.
ఇద్దరు కలిసి తలుపులోంచి తోశారు.

మొకేటే దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
మెడ దగ్గర మొదలుపెట్టాడు.
ఉన్ని దుప్పటిలా ఒక్క ముక్కగా జారింది.
పైన మట్టి, కిందకి పోయేకొద్దీ పాలమీగడ.
చివరికి మిగిలింది
గజగజ వణికే ఒక బక్క జంతువు,
నాలుగు మోకాళ్ళు,
వెలుతురుకు ఆగలేని రెండు కళ్ళు.
నవ్వారు అందరూ.
జిమాసా నవ్వలేదు, దాని పక్కన కూర్చుంది.

"నీ గ్రహానికి ఎవరు కత్తిరిస్తారు?"
ఫ్లోరిస్ అంతా చెప్పేసినట్టున్నాడు.
"దాని నక్షత్రమే" అంది.
"కొంచెం కొంచెం. వేడిగాలికి
పొరలు లేచి తోకలా వెనక సాగుతాయి.
కోట్ల ఏళ్ళు పడుతుంది."
"పొంగించేదీ అదే, కోసేదీ అదేనా?"
మొకేటే కత్తెరను ప్యాంటుకు తుడిచాడు.
"అయితే యజమాని లాంటిదే."
కాసేపాగి,
"లోపల మోకాళ్ళుంటాయంటావా?"

ఆమెకు తెలీదు.
ఒక రాతిగుండు ఉండొచ్చు,
ఏమీ లేకపోనూవచ్చు,
అంచులదాకా ఆవిరే కావచ్చు.
తెలీదని పదిమంది పండితుల ముందు
చెప్పడానికి రెండేళ్ళు పట్టింది ఆమెకు.
ఇక్కడ ఉన్ని వాసన మధ్య
ఒక్క నిమిషంలో వచ్చేసింది ఆ మాట.

ఆ రాత్రి రెండూ పన్నెండుకి
వెలుగు గీత వంగడం మొదలైంది,
చెప్పిన వేళకే.
నక్షత్రపు కాంతి ఆ పొంగిన అంచులోంచి
వడకట్టుకుని వస్తోంది.
అందులో సోడియం ఉందో, పొగమంచే ఉందో
తెల్లారితే గాని తేలదు.
మఫ్లర్ కిందకి లాగబోతే
దాని అల్లికలో ఒక తెల్ల పోగు.
ఊదితే ఎగిరిపోయేదే.

ఊపిరి బిగబట్టింది.