ఐదు పళ్ళ దువ్వెన

ఈ కాగితానికి వెనకవైపే మొదట రాసింది.
జర్మన్‌లో, చక్కని గుండ్రటి దస్తూరీలో:
బంగాళాదుంపలు, పద్నాలుగు బస్తాలు, మూడు కుళ్ళినవి.
తిప్పితే
ఐదేసి గీతలు, అలుక్కుపోయిన మసి సిరా,
వాటి మీద ఒక వాల్ట్జ్,
రెండో వయొలిన్ వాయించాల్సిన వంతు.

గీతలు గీసింది రూళ్ళకర్రతో కాదు.
సలోనికా నుంచి తెచ్చిపడేసిన జోయా అనే మనిషి
ఒక దువ్వెన దాచుకుంది.
తల గొరిగిన చోట దువ్వెనెందుకని
సోదా చేసినామె నవ్వి వదిలేసిందట.
పళ్ళు విరుచుకుంటూ పోయి ఐదు మిగుల్చుకుంది.
పొయ్యి మసిలో ముంచి
మోకాలి మీద కాగితం పరిచి
ఒక్క లాగుడుకి ఐదూ గీసేది.

బోడిగుండుకీ మోకాలికీ ముడి!
నవ్వడానికి వాడే మాట.
పదకొండేళ్ళుగా ఈ బల్ల దగ్గర
పాత కాగితాలకి వైద్యం చేస్తున్నాను,
ఆ మాట ఇక నవ్వడానికి వాడలేను.

పై అంచున, పేరు రాసే చోట,
ట్రూదె. కొట్టేసి ఉంది.
పక్కన లిబుషే. కొట్టేసి ఉంది.
కింద ఇరికించి, ఫ్లోర్.
ఫ్లోర్ మీద గీత లేదు.
లేదంటే బతికిందనా,
కొట్టేసేవాళ్ళే మిగల్లేదనా?
కాగితం చెప్పదు. నేనూ అడగడం మానేశాను.

పొద్దున్నే గేటు దగ్గర వాయించేవాళ్ళు,
పనికి పోయే వరసల అడుగు కలవడానికి,
ఐదుగురేసి లెక్కపెట్టుకునే వాళ్ళకి వీలుగా.
ఆ వయొలిన్ల వైపు ఉమ్మిన వాళ్ళున్నారు.
ఒకామె సాక్ష్యంలో చెప్పింది:
"మడమ చీము పట్టిన కాలికి పాటేమిటి?
అయినా ఆదివారం ఆ వాల్ట్జ్ చెవినపడితే
మా అమ్మ పిండి కలిపే చెయ్యి గుర్తొచ్చేది.
అందుకు వాళ్ళని ఇంకో రెండు తిట్లు తిట్టేదాన్ని."

ఆరో వరసలో, సగందాకా వచ్చాక
ఒక పన్ను విరిగింది.
అక్కణ్ణించి నాలుగు గీతలే.
పై గీత మాట మధ్యలో లేచిపోయిన మనిషిలా
ఆగిపోయింది.
కొత్త పన్ను ఎక్కణ్ణించి తెస్తుంది జోయా?
కానీ చుక్కల్ని కిందికి దించలేదు.
గీత ఉండాల్సిన చోటే,
వెంట్రుకవాసి తేడా రాకుండా,
ఖాళీలో నిలబెట్టింది.

వాటిని వాయించారు. నాకు తెలుసు.
కమాను ఎటు లాగాలో
ఆ చుక్కల మీద పెన్సిలు గుర్తులున్నాయి.
ఒకచోట, చీమంత అక్షరాల్లో, "మెల్లగా" అని.

కొత్తగా పనిలో చేరిన ఒల్గెర్ద్
నిన్న అడిగాడు:
ఐదో గీత చెరిగిపోయినట్టుంది, పూరించమంటారా?
దీపం దగ్గరికి లాగి చూపించాను.
చాలాసేపు చూశాడు.
కుంచె కిందపెట్టి
కాగితాన్ని బంగాళాదుంపల వైపు తిప్పి
ఊపిరి తగలకుండా
దుమ్ము తీయడం మొదలుపెట్టాడు.